నీడపట్టున ఎన్ని రోజులు?

కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని కనిపిస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు గుడి ఇక్కడే ఎక్కడో ఉందనుకొని సంచులు భుజాన వేసుకుంటారు. బయటికొచ్చి ఆటో అతన్ని అడిగితే గానీ తెలియదు, రాములవారి దగ్గరికి ఇంకా 40 కిలోమీటర్లు పోవాలని. బోర్డు తప్పేమీ చెప్పలేదు. ఇది భద్రాచలం పోయే దారి అంది, అంతే. మిగతాది మనం అనుకున్నదే.

ముఖం మీది గుంటలు, మచ్చలు పోగొడతామనే లేజర్ ప్రకటనలు కూడా ఆ బోర్డులాంటివే. ‘ముందు’, ‘తర్వాత’ అని రెండు ఫొటోలు పక్కపక్కన పెడతారు. మధ్యలో ఉన్న 40 కిలోమీటర్లు ఫొటోలో పడవు. పక్కులు కట్టిన వారం, ఎరుపు తగ్గని నెల, ఎండ తగలకుండా గడపాల్సిన మూడు నెలలు, మళ్లీ మళ్లీ పట్నం ప్రయాణాలు, మీ బదులు చేనికి పోయే ఇంకో మనిషి, ఇవన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. ఈ చికిత్సలో సగం క్లినిక్‌లో అవుతుంది. మిగతా సగం మీ ఊళ్లో, మీ ఎండలో అవుతుంది. అందుకే ఏ యంత్రం మంచిది, ఎంతవుతుంది అని అడిగే ముందు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం: మీరు ఎన్ని రోజులు నీడపట్టున ఉండగలరు?

అద్దంలో ఉన్నది ఏమిటి?

“మొఖమంతా మచ్చలే అక్కా” అని పార్లర్‌లో చెప్పే ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు సంగతులుంటాయి. ఒకదానికి మేలు చేసేది ఇంకోదాన్ని చెడగొడుతుంది. కాబట్టి ముందు మీ ముఖాన్ని మీరే ఒకసారి చదువుకోండి.

రాత్రి గదిలో లైటు తీసేసి, కళ్లలో పడకుండా ఫోన్ టార్చిని చెంపకు ఒక పక్క నుంచి వేయించుకొని అద్దంలో చూడండి. మచ్చ ఉన్నచోట చిన్న నీడ పడితే అది గుంట. నీడ లేకుండా రంగు మాత్రమే తేడాగా ఉంటే అది ఉత్త మచ్చ. ఇప్పుడు కింది ఐదింటిలో మీది ఏదో చూడండి.

గుంటలు. మొటిమలు లోతుగా పుండై మానినచోట, ఆటలమ్మ పోసినప్పుడు గోకినచోట మిగిలేవి. మన దేశంలో స్ఫోటకం 1975లోనే ఆగిపోయినా, ఆ గుంటలు పెద్దవాళ్లలో కొందరి ముఖాల మీద ఇంకా కనిపిస్తాయి. పైపొరను తీసో, సూదులతో పొడిచో కింద నుంచి కొత్త చర్మం రప్పించే చికిత్సలకు అసలైన పని ఇక్కడే. గుంటల్లోనూ రకాలున్నాయి. సూదితో గుచ్చినట్టు సన్నగా లోతుగా ఉన్నవాటికి ఆ గుంటలోనే యాసిడ్ చుక్క పెడతారు. అలల్లా పల్లంగా ఉన్నచోట, చర్మాన్ని కిందికి పట్టి లాగుతున్న పోగులను సూదితో తెంచుతారు. దాన్ని సబ్‌సిషన్ అంటారు. అన్ని గుంటలకూ ఒకే లేజర్ చాలునన్నవాళ్లను ఇంకో ప్రశ్న అడగండి.

మొటిమ పోయాక మిగిలే నల్ల మచ్చ. ఇది రంగు మాత్రమే. గిల్లకుండా, ఎండ తగలనీయకుండా ఉంటే చాలావరకు నెలల్లో దానంతట అదే వెలిసిపోతుంది. కొత్త మొటిమలు వస్తూనే ఉంటే ముందు వాటికి మందు వాడాలి. చెరువుకు గండి పూడ్చకుండా నీళ్లు తోడితే లాభమేముంది?

మంగు. రెండు చెంపల మీద, ముక్కు మీద, నుదుటి మీద పరుచుకునే గోధుమ రంగు మచ్చ. తరచుగా గర్భంతో ఉన్నప్పుడు మొదలై ఎండకు, కట్టెల పొయ్యి సెగకు ముదురుతుంది. దీనికి లేజర్ మొదటి మందు కాదు. వేడి తగిలి మంగు ఇంకా నల్లగా తిరగబెట్టిన సందర్భాలు చర్మ వైద్యులందరికీ తెలుసు. ఎండ కాపుదల, డాక్టర్ రాసే పూతమందులు, అవసరమైతే ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు, ఈ వరుసలో పోవాలి.

ట్యూబు ముఖం. మెడికల్ షాపులో “తెల్లగయ్యే క్రీము ఇవ్వండి” అని అడిగి తెచ్చుకొని నెలల తరబడి రాసుకున్న ముఖం. అందులో స్టెరాయిడ్ ఉంటే మొదటి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబారుతుంది, ఎండలోకి పోతే మండుతుంది, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానేస్తే ఇంకా ఎగదన్నుతుంది కాబట్టి మానలేరు. ఇది ఎంత పెరిగిందంటే మన చర్మ వైద్యులు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ఒక పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఇలాంటి ముఖం మీద ఇప్పుడే లేజర్ పెట్టించుకుంటే పుండు మీద కారం చల్లినట్టే. ముందు డాక్టర్ పర్యవేక్షణలో ఆ క్రీము మానాలి, చర్మం కోలుకోవాలి.

అందం సంగతి కానివి. పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ కుష్టు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. గుండ్రంగా దురద పెడుతూ పాకేది తామర. పెరుగుతున్న, రంగు మారుతున్న, నెత్తురు కారుతున్న పుట్టుమచ్చను డాక్టర్ చూడాల్సిందే. వీటిలో ఏదున్నా ఈ అధ్యాయం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

పోడు లెక్క

అడవి అంచున ఉన్నవాళ్లకు ఈ చికిత్సలు ఎలా పనిచేస్తాయో చెప్పడం తేలిక. పోడు చూసినవాళ్లే కదా. అడవి ముక్కను కొట్టి, కాల్చి, కొన్ని పంటలు తీసి వదిలేస్తే నేలలో మిగిలిన మోడులు చిగురిస్తాయి. చుట్టూ ఉన్న చెట్ల విత్తనాలు పడతాయి. కొన్నేళ్లకు అడవి మళ్లీ కమ్ముకుంటుంది. మోడులు పెకిలించి మొత్తం దున్నేసినచోట మాత్రం ఆ అడవి తిరిగిరాదు.

చర్మం కూడా అంతే. పైపొర కాగితమంత పలచన, సుమారు మిల్లీమీటరులో పదోవంతు. దాని కింద కొల్లాజెన్ పోగులతో అల్లుకున్న లోపలి చర్మం. వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు ఈ లోపలి పొరలోకి దిగి ఉంటాయి. అవే మన మోడులు. పైపొరను తీసేశాక కొత్త చర్మం వాటి నుంచే చిగురిస్తుంది. ముఖంలో కుదుళ్లు ఎక్కువ కాబట్టి త్వరగా మానుతుంది. మెడ మీద తక్కువ. అందుకే ముఖానికి పెట్టినంత గట్టిగా మెడకు పెడితే మచ్చ పడే ప్రమాదం ఉంది.

గుంటల చికిత్సలో ఎక్కువగా వినిపించే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినవాడు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణాన్ని చర్మంలోని నీరు పీల్చుకుంటుంది, ఆ చోటు ఆవిరైపోతుంది. మొదట్లో ముఖమంతా ఒకే పొరగా తీసేసేవారు. అంటే అడవి మొత్తం కొట్టేయడమే. 2004లో మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్, వాళ్ల తోటివాళ్లు కొత్త దారి చూపారు. కంటికి ఆననంత సన్నని చుక్కలుగా మాత్రమే చర్మాన్ని కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య మంచి చర్మం వదిలేయడం. చిన్నచిన్న పోడు ముక్కలు, మధ్యలో నిలిచిన అడవి. మానడం త్వరగా అవుతుంది, ప్రమాదం తగ్గుతుంది. దీన్నే ఫ్రాక్షనల్ లేజర్ అంటున్నారు.

ఎంత లోతుకు పోతే అంత ఫలితం, అంత కష్టం. ఆ మెట్లు ఇలా ఉంటాయి:

• నలుగు పెట్టుకుంటే పైన చచ్చిన పొర కాస్త రాలుతుంది. గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్‌ల తేలికపాటి పీల్ దానికి అన్నలాంటిది. కొద్ది రోజులు పొట్టు రాలుతుంది. రంగు తేడాకు సాయపడుతుంది, గుంటలను పూడ్చదు.

• సన్నని సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్‌లో రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటుంది. వేడి ఉండదు కాబట్టి నల్లబడే భయం తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చాలాసార్లు చేయించుకోవాలి.

• ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ తర్వాత వారం, పది రోజులు సన్నని పక్కులు. తర్వాత కొన్ని వారాలు ఎరుపు.

• ముఖమంతా పొర తీసే పాత పద్ధతిలో రెండు వారాల దాకా పచ్చి పుండు, నెలల తరబడి ఎరుపు. మన రంగు చర్మానికి దీన్ని అరుదుగా తప్ప సూచించరు.

ఏది చేయించుకున్నా లోపల కొత్త కొల్లాజెన్ కట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పదో రోజు అద్దంలో చూసుకొని మురిసిపోవద్దు, ఏడవనూ వద్దు. గుంట లోతు తగ్గుతుంది, అంచులు మెత్తబడతాయి. పూర్తిగా పూడిపోతుందని ఏ నిజాయతీ గల డాక్టరూ మాటివ్వరు.

నూనె చిట్లిన మచ్చ ఎన్నాళ్లుంది?

1975లో హార్వర్డ్‌లో పనిచేసిన థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మ వైద్యుడు, ఎండకు ఎవరి చర్మం కమిలిపోతుంది, ఎవరిది నల్లబడుతుంది అన్నదాన్ని బట్టి మనుషుల చర్మాన్ని వర్గాలు చేశాడు. మొదట చేసిన పట్టిక తెల్లవాళ్ల కోసమే. గోధుమ, నలుపు రంగు చర్మాలకు ఐదు, ఆరు తరగతులు తర్వాత చేరాయి. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. ఇంటర్నెట్‌లో కనిపించే ఫలితాల ఫొటోలు చాలావరకు ఒకటి, రెండు తరగతులవాళ్లవి. అవి మీ లెక్కలోకి రావు.

మన చర్మంలో రంగు ఎక్కువ. అది మనకు ఎండ నుంచి గొడుగు. కానీ గాయమైతే ఆ గొడుగు పట్టే కణాలు కంగారుపడి ఇంకా రంగు పోస్తాయి. దోమ కుట్టి మానినచోట నల్ల చుక్క మిగలడం అందుకే. లేజర్, పీల్, సూది, అన్నీ లెక్క ప్రకారం చేసే గాయాలే. ఆ తర్వాత నల్లబడితే అది సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య కనిపిస్తుంది. అంటే పక్కులు రాలి, ఎరుపు తగ్గి, ‘ఇక ఫరవాలేదు’ అని మీరు బండెక్కి బయటికి పోయే రోజుల్లో.

దీనికి ఏ యంత్రమూ అక్కర్లేని పరీక్ష ఒకటి మీ చేతి మీదే ఉంది. తాలింపు పెడుతుంటే నూనె చుక్క చిట్లిందా? సైలెన్సర్ తగిలి కాలు కాలిందా? ఆ మచ్చ ఎన్నాళ్లుంది? రెండు నెలల్లో వెలిసిపోతే మీ చర్మం తొందరగా మరిచిపోయే రకం. ఏడాదైనా నల్లగానే ఉంటే, ముఖం కూడా అలాగే పట్టుకోవచ్చు. ఈ సంగతి డాక్టర్‌కు చెప్పండి. తక్కువ శక్తితో ఎక్కువసార్లు చేయడం, చికిత్సకు కొన్ని వారాల ముందు నుంచే పూతమందులతో చర్మాన్ని సిద్ధం చేయడం, ముందుగా చెవి దగ్గర చిన్నచోట చేసి నెల రోజులు ఆగి చూడడం, ఈ జాగ్రత్తలన్నీ మనలాంటి చర్మం కోసమే ఉన్నాయి.

మన జిల్లాల ఎండ క్యాలెండర్

హైదరాబాద్‌లో ఏసీ గదిలో పనిచేసే మనిషికి చెప్పే ‘ఎండకు పోకండి’ అన్న సలహా దుమ్ముగూడెంలో ఒక ఏడాది జీవనం గురించిన మాట. క్యాలెండర్ తీసి మీ పని నెలలు గుర్తు పెట్టుకోండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి. తోటలో కాయ ఏరినా, ఖమ్మం యార్డులో బస్తా దగ్గర నిలబడినా, ఆ ఘాటు పచ్చి చర్మం మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మార్చిలో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోతారు. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో కల్యాణం చూడాలంటే మిట్ట మధ్యాహ్నం కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. పొద్దున్నే కోసుకొచ్చి 50 ఆకుల చొప్పున కట్టలు కట్టేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, చర్మం ఎంత? అడవి పని, చేను పని చేసేవాళ్లు ఈ ఐదు నెలల్లో ముఖానికి ఏ చికిత్సా పెట్టుకోకపోవడమే తెలివి.

వానాకాలం మబ్బు చూసి మోసపోవద్దు. మబ్బులోంచి కూడా అతినీలలోహిత కిరణాలు వస్తాయి. పైగా నాట్లలో బురద నీళ్లు ముఖాన చిమ్ముతాయి. గోదావరి సంగతి వేరే చెప్పాలా? భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు ఉన్నవాళ్లు జూలై, ఆగస్టుల్లో లేజర్ పెట్టించుకుంటే, ఏడో రోజు చీము పట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చినప్పుడు రోడ్డు నీళ్ల కింద ఉండొచ్చు.

బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి. తెగిన చర్మంలోకి బొగ్గు పొడి దిగి గాయం మానితే అది నీలిరంగు పచ్చబొట్టులా ఉండిపోతుంది. పాత గని కార్మికుల చేతుల మీద అలాంటి గీతలు ఉంటాయి. సూదులతో వందల రంధ్రాలు చేయించుకున్న ముఖంతో మర్నాడు డ్యూటీకి దిగడమంటే ఆ గీతలను కోరి తెచ్చుకోవడమే. పూర్తిగా మానేదాకా సెలవు దొరుకుతుందా? దొరకకపోతే దొరికే నెల చూసుకోండి.

ఇక మిగిలేది దసరా తర్వాత నుంచి సంక్రాంతి దాకా. చదువుకునేవాళ్లకు, ఆఫీసు, షాపు, బడి ఉద్యోగాలవాళ్లకు ఇవే మంచి నెలలు. కానీ పత్తి ఏరేవాళ్లకు అప్పుడే పని ముమ్మరం. మీ ఇంటి క్యాలెండర్‌లో ఖాళీ నెల ఒక్కటీ లేదని తేలితే, లోతైన లేజర్ ఈ ఏడాదికి మీది కాదు. మైక్రోనీడ్లింగ్ లాంటి తేలిక దారి ఉందా అని అడగండి. లేదా ఆగండి. గుంట ఎటూ పోదు, వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

ఇది ఎవరికి కావాలి?

1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. డబ్బా మీద పేరు మారింది. పెళ్లిచూపుల్లో “పిల్ల రంగెట్లుంటది?” అని అడిగే నోరు మారలేదు. కాబట్టి ఒక మాట తేటగా చెప్పుకుందాం: గుంటల చికిత్స మీ పుట్టురంగును మార్చదు. మార్చుతామనేవాళ్ల దగ్గరికి పోవద్దు. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. అది ఒంట్లోకి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

అలాగని గుంటలు పోవాలని కోరుకోవడం తప్పేమీ కాదు. పదేళ్లుగా ఫొటోలో ఒక చెంపే చూపిస్తున్న మనిషికి, మాట్లాడేటప్పుడు చెయ్యి చెంప మీదికి దానంతట అదే పోయే మనిషికి, ‘లోపలి అందం ముఖ్యం’ అని చెప్పి పంపడం న్యాయం కాదు. మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ సంబంధం కుదరకపోయినా, ఎవరూ గమనించకపోయినా, ఈ గుంటలు సగం తగ్గితే నాకు బాగుంటుందా? అవునంటే అది మీ కోరిక. ‘అమ్మమ్మ వాళ్లు చేయించుకోమన్నారు’, ‘వచ్చే నెల నిశ్చితార్థం’ అన్న జవాబు వస్తే ఆగండి. వేరేవాళ్ల తొందర మీ ముఖం మీద మానదు. పెళ్లి ఉంటే కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. ఇంకెవరికీ కనపడని మచ్చ కోసం రోజూ గంటల తరబడి అద్దం ముందే ఉంటుంటే, చర్మ వైద్యుని కంటే ముందు మానసిక వైద్యునితో మాట్లాడడం మేలు.

నిర్ణయించుకుంటే ఇంట్లో ముందే చెప్పండి. పక్కులు కట్టిన ముఖంతో వారం రోజులు ఇంట్లో దాక్కోవడం మన ఊళ్లలో కుదరదు.

“చుట్టాలొచ్చి అడిగితే ఏం చెప్పాలె బిడ్డా?”

“డాక్టర్ దగ్గర చూపించుకుంది, మందు పెట్టిండ్రు అని చెప్పమ్మా. పసుపు పెట్టు, కలబంద పెట్టు అంటే మాత్రం నువ్వే అడ్డం పడాలె.”

ఆ రెండో మాట మొదటిదానికంటే ముఖ్యం. పచ్చి చర్మం మీద డాక్టర్ చెప్పిన పూతమందు తప్ప ఏదీ పడకూడదు. మేనత్త తెచ్చిన పసరు కూడా.

డాక్టర్‌కు చెప్పాల్సినవి, అడగాల్సినవి

మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే చదువుతో పనిలేకుండా సూది వేసే మనిషి. చట్టంలో ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మాట ఒకటే, మనుషులు వేరు. ముఖం మీద లోతైన చికిత్స చేసేవాళ్లకు ఎంబీబీఎస్ తర్వాత చర్మ వ్యాధుల్లో పైచదువు ఉండాలి, లేదా ప్లాస్టిక్ సర్జన్ అయ్యుండాలి. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, చూడండి. డాక్టర్ బోర్డు మీద ఉండి, లేజర్ వేసేది ఇంకెవరో అయితే అడిగే హక్కు మీకుంది.

మీరు దాచకుండా చెప్పాల్సినవి:

• జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయా? లేజర్ తర్వాత అవి ముఖమంతా పాకొచ్చు. ముందే మాత్రలు ఇస్తారు.

• చెవి కుట్టినచోట, టీకా వేసినచోట మాంసం గట్టిగా పైకి పెరిగిందా? అది కెలాయిడ్ లక్షణం. మీ చర్మం గాయాన్ని అవసరానికి మించి పూడుస్తుంది.

• మీకు బొల్లి ఉందా? గాయమైనచోట కొత్త తెల్లమచ్చ రావచ్చు.

• మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారా, ఎప్పుడు ఆపారు? ట్యూబులు ఏమేం రాసుకున్నారు? ఖాళీ ట్యూబు ఉంటే సంచిలో వేసుకెళ్లండి.

• గర్భం, పాలు తాగే బిడ్డ, అదుపులో లేని షుగర్, ఈ మధ్యే ఎండకు బాగా నల్లబడడం. వీటిలో ఏదున్నా వాయిదా వేయడమే మంచిది.

మీరు అడగాల్సినవి నాలుగు. నా గుంటలు ఏ రకం, ఈ చికిత్స వాటికేనా? నా రంగువాళ్లకు మీరు చేసినవి, ఆరు నెలల తర్వాత తీసిన ఫొటోలు చూపిస్తారా? ఎన్నిసార్లు రావాలి? నల్లబడితే ఎవరు చూస్తారు, ఎంత తీసుకుంటారు? నాలుగో ప్రశ్నకు జవాబు నసిగితే లేచి రండి. “ఈ రోజు కడితే సగం ధర” అన్నా అంతే. చర్మానికి ఆఫర్లు తెలియవు.

డబ్బు లెక్క

క్లినిక్ చెప్పిన ధర మొదటి గీత మాత్రమే. దాని కింద ఇవి రాయండి: ఎన్నిసార్లో అన్నిసార్లు పెట్టి హెచ్చించండి. భద్రాచలం నుంచి ఖమ్మం రానుపోను సుమారు 240 కిలోమీటర్లు. హైదరాబాద్ అయితే ఒక రాత్రి బస. తోడు వచ్చినవాళ్ల కూలి. మీరు పనికి పోని రోజులు. మూడు నెలల సన్‌స్క్రీన్. పూతమందులు.

ప్రమాదం వల్లనో, పుట్టుకతోనో పోయిన రూపాన్ని తిరిగి తెచ్చే చికిత్సకు జీఎస్టీ మినహాయింపు ఉంది. అందం కోసమే చేయించుకునే సర్జరీకి లేదు. ఆరోగ్య బీమా పాలసీలు కూడా మామూలుగా ఇదే గీత గీస్తాయి. కాలిన గాయమో, ప్రమాదపు మచ్చో అయితే ఆ సంగతి పాత ఆసుపత్రి కాగితాలతో సహా ముందే అడగండి. మిగతావాళ్లు చేతి డబ్బే పెట్టాలి. కాబట్టి నియమం ఒకటే: వడ్డీకి తెచ్చి ముఖానికి పెట్టొద్దు. వాయిదా కట్టలేక మధ్యలో ఆపేస్తే డబ్బూ పోతుంది, ఫలితమూ సగంలో ఆగుతుంది.

14 రోజుల రిహార్సల్

ఇదంతా చదివాక కూడా మనసు ఊగుతుంటే, అడ్వాన్సు కట్టే ముందు ఈ పని చేయండి. చికిత్స అయిపోయిందనుకొని 14 రోజులు బతికి చూడండి.

రోజూ పొద్దున రెండు వేళ్ల పొడుగున సన్‌స్క్రీన్ తీసి ముఖానికి, మెడకు రాయండి. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. గడప దాటితే గొడుగు, స్కార్ఫ్. మగవాళ్లకు తలగుడ్డ ఉండనే ఉంది, దాన్ని చెంపల మీదికి దించండి. పది నుంచి నాలుగు దాకా నీడపట్టునే. పొయ్యి ముందు ఎక్కువసేపు కూర్చోవద్దు. మొటిమ వచ్చినా గిల్లొద్దు. వంటింటి చిట్కా ఏదీ ముఖానికి రాయొద్దు. గోడ క్యాలెండర్ మీద, అన్నీ కుదిరిన రోజుకు ఒక టిక్కు పెట్టండి.

మొదటి మూడు రోజులు సరదాగా ఉంటుంది. ఐదో రోజు ఎవరో చనిపోతారు, దినానికి పోవాలి. ఎనిమిదో రోజు మిల్లు దగ్గర లైన్‌లో నిలబడాలి. పదో రోజు సన్‌స్క్రీన్ అయిపోతుంది, మీ ఊళ్లో దొరకదు. ఇవేవీ మీ తప్పులు కావు. ప్రకటన ఫొటోలో పడని 40 కిలోమీటర్లు ఇవే.

పదిహేనో రోజు టిక్కులు లెక్కపెట్టండి. పన్నెండు దాటితే మీ ఇల్లు, మీ పని, మీ మనసు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిది నుంచి పన్నెండు ఉంటే తేలికపాటి దారి అడగండి, లేదా ఖాళీ నెలకు జరపండి. అంతకంటే తక్కువైతే ఇప్పటికి వద్దు. అప్పటికీ మీరు పోగొట్టుకున్నది ఒక సన్‌స్క్రీన్ ట్యూబు ఖర్చే. మీవి గుంటలు కాక ఉత్త మచ్చలే అయితే, ఈ అలవాటును ఇంకో మూడు నెలలు సాగించండి. కొందరికి ఆ తర్వాత లేజర్ ఊసే అవసరం పడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాలనుకుంటే ఆ క్యాలెండర్ కాగితం చింపి వెంట తీసుకెళ్లండి. ఆయన ‘తర్వాత’ ఫొటో చూపించే ముందే మీ టిక్కులు ఆయన ముందు పెట్టి చెప్పండి: “నేను పద్నాలుగులో పదకొండు రోజులు నీడపట్టున ఉండగలిగాను. ఈ పదకొండుకు సరిపోయేది ఏదుంది?”